తొలి ఊపిరికి ముందు: గర్భస్థ శిశుచికిత్స నడచిన దారి

ప్రాణము పోవుటను మనవారు ఊపిరి పోవుట యందురు. ప్రాణమిచ్చుటను ఊపిరి పోయుట యందురు. మన భాషలో ఈ రెండు మాటలకు నడుమ ఎడము చాల తక్కువ. బిడ్డ భూమిమీద పడినంతనే పురిటిగది వెలుపల నిలిచినవారు చెవియొగ్గి వినునది తొలియేడుపును. ఏడ్చెనా, ఇక భయము లేదని పెద్దలు నిట్టూర్చుదురు. కాని ఆ యేడుపునకు కావలసిన సన్నాహమంతయు తల్లిగర్భములో నెలల తరబడి జరుగుచుండును. ఆ సన్నాహమున లోటు కలిగినచో ఏమగును? ఆ లోటును గర్భములోనే పూరింపవచ్చునా? ఈ ప్రశ్నల వెనుక మూడువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని సంగ్రహముగ చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సంఘములు వెలువరించు సంచికలలో కవులను, రాజవంశములను, దేవాలయములను, పండుగలను గూర్చిన వ్యాసములు వచ్చుట పరిపాటి. ఈ విషయమునకు ఇచ్చట చోటేమి యని పాఠకులు అడుగవచ్చును. ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతపు తెలుగువారి జీవితమును చూచినచో ఆ చోటు తెలియగలదు. ఆనేకల్ తాలూకాలోను, రాష్ట్రపు సరిహద్దునకు ఆవలనున్న హోసూరు సీమలోను తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగ కలవు. 1978 లో కర్ణాటక ప్రభుత్వ సంస్థయైన కియోనిక్స్, ఆర్. కె. బాళిగ గారి సంకల్పబలమున, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల పొలములలో 332 ఎకరముల మేర ఈ ఎలక్ట్రానిక్ నగరమును నెలకొల్పినది. అటుపిమ్మట ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో ఇప్పుడు రెండవ తరమువారు తల్లిదండ్రులగుచున్నారు. కోడలికి స్కానింగులు ఇచ్చటనే, సీమంతము ఇచ్చటనే. పురుడు మాత్రము ఆచారము ప్రకారము పుట్టింట, గుంటూరులోనో, నెల్లూరులోనో, అనంతపురములోనో. సామాన్యముగ దీనివలన ఏ చిక్కును లేదు. అయితే ఇచ్చట చెప్పబోవు వ్యాధి విషయములో బిడ్డ ఎచ్చట పుట్టుననునది చావుబ్రదుకుల ప్రశ్న. అందుచేత ఈ చరిత్ర మన యింటి చరిత్రయు అగుచున్నది.

వ్యాధి స్వరూపము

మన ఛాతీకిని కడుపునకును నడుమ గొడుగువలె పరచుకొన్న కండరపు పొర యొకటి కలదు. వైద్యులు దానిని డయాఫ్రమ్ అందురు. మన పాఠ్యపుస్తకములు ఉదరవితానమని పేరు పెట్టినవి. ఊపిరి పీల్చునపుడు ఇది క్రిందికి దిగును. విడుచునపుడు పైకి లేచును. పిండము యొక్క రెండవ నెల ముగియునప్పటికి ఈ పొర సంపూర్ణముగ మూసికొనవలెను. అట్లు మూసికొనక వెనుకవైపున రంధ్రము మిగిలిపోయినచో, ప్రేగులును, జీర్ణాశయమును, ప్లీహమును, ఒక్కొక్కప్పుడు కాలేయమును గూడ ఛాతీలోనికి ఎక్కివచ్చును. దీనినే పుట్టుకతో వచ్చు ఉదరవితాన హెర్నియా యందురు. రమారమి 2,500 నుండి 3,000 కాన్పులకు ఒకటి చొప్పున ఇది కనబడుచున్నది. వీనిలో నూటికి 80 కి పైగా ఎడమవైపున కలుగునవే.

గర్భములో నున్నంతకాలము ఈ శిశువునకు ఏ బాధయు ఉండదు. ప్రాణవాయువు తల్లి రక్తమునుండి మావి ద్వారా, బొడ్డుతాడు గుండా వచ్చుచుండును గనుక ఊపిరితిత్తులతో దానికి పని లేదు. కాన్పు కాగానే, బొడ్డు కోసిన పిమ్మట, కష్టము మొదలగును. ఏడ్వవలసిన బిడ్డ నీలిబారును. ఛాతీలో ప్రేగులు నిండి, గుండె ప్రక్కకు త్రోయబడి, ఊపిరితిత్తులు పిడికెడైనను లేక యుండును.

రంధ్రమును చూచిన కాలము

ఈ వ్యాధిని మొదట గుర్తించినది మరణానంతర పరీక్షలలోనే. 24 ఏండ్ల యువకుని మృతదేహములో ఫ్రెంచి వైద్యుడు లజార్ రివియేర్ చూచిన విషయము 1679 లో గ్రంథస్థమైనది. 1701 లో సర్ చార్లెస్ హోల్ట్ రెండు నెలలు బ్రదికి మరణించిన శిశువు వృత్తాంతమును లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. 1761 లో ఇటలీ దేశపు మహావైద్యుడు మోర్గాన్యి తన సుప్రసిద్ధ గ్రంథములో ఇట్టి హెర్నియాలను వివరించెను. 1848 లో ప్రాగ్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు బోఖ్‌డాలెక్ వెనుకప్రక్కనుండు రంధ్రమును వర్ణించెను. నేటికిని ఆ రకపు హెర్నియా ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

ఇట్లు రెండు శతాబ్దములపాటు వైద్యుల చూపు రంధ్రముమీదనే నిలిచినది. రంధ్రము కనబడినపుడు దానిని కుట్టవలెనను తలంపు సహజమే. 1902 లో జర్మనీలో హైడెన్‌హైన్ అను శస్త్రవైద్యుడు తొమ్మిదేండ్ల బాలునకు ఈ హెర్నియాను విజయవంతముగ సరిచేసెను. కాని తొమ్మిదేండ్లు బ్రదికిన బాలుని ఊపిరితిత్తులు బలమైనవే యనుట స్పష్టము. అసలు పరీక్ష అప్పుడే పుట్టిన శిశువులది. 1940 లో బోస్టను నగరపు శిశువైద్యశాలలో విలియం లాడ్, రాబర్ట్ గ్రాస్ అనువారు శిశువులకును, బాలలకును చేసిన శస్త్రచికిత్సల ఫలితములను ప్రకటించిరి. 1946 లో గ్రాస్, పుట్టి 24 గంటలైనను కాని శిశువును శస్త్రచికిత్స చేసి బ్రదికించిన సంగతి వెల్లడించెను. ఇక ఈ వ్యాధికి మందు దొరికినదనియు, ఎంత త్వరగా కుట్టిన అంత మంచిదనియు లోకము నమ్మినది.

ఆ నమ్మకము పూర్తిగా నిలువలేదు. రంధ్రము చక్కగా కుట్టబడి, ప్రేగులు తమ స్థానమునకు చేరిన పిమ్మటను అనేక శిశువులు రెండు మూడు దినములలో మరణించుచుండిరి. కుట్టు విఫలమైనది కాదు, ఊపిరి చాలలేదు. అప్పుడు ప్రశ్న మారినది. రోగము రంధ్రములో ఉన్నదా, ఊపిరితిత్తిలో ఉన్నదా?

ఊపిరితిత్తిని లెక్కించిన కాలము

ఈ ప్రశ్నకు సమాధానము లండనులోని ఒక రోగనిర్ణయశాలలో లభించినది. ఆస్ట్రేలియాలో పుట్టి లండనులో పనిచేసిన లిన్ రీడ్ అను విదుషి, అరీచోన్ అను వైద్యునితో కలిసి 1963 లో ఈ శిశువుల ఊపిరితిత్తులను పరీక్షించి ప్రకటించెను. 1971 లో కిటగావా మొదలగువారితో కలిసి శ్వాసనాళికలను, ధమనులను, వాయుగోణులను ఒక్కొక్కటిగ లెక్కించెను. తేలినదేమనగా, ఈ శిశువుల ఊపిరితిత్తి నలిగి చిన్నదైనది మాత్రమే కాదు. అది సరిగా పెరుగనే లేదు. కొమ్మలు తక్కువ, ఆకులు తక్కువ. రక్తనాళముల సంఖ్యయు తక్కువ, వాని గోడలు మందము. హెర్నియా ఉన్న ప్రక్కననే గాక ఎదుటి ప్రక్కను గూడ కొంత లోటు కనబడినది.

ఊపిరితిత్తి పెరుగుట ఒక చెట్టు పెరుగుటవంటిది. వాయునాళము మ్రాను, అందుండి శ్వాసనాళికలు కొమ్మలై, ఉపకొమ్మలై చీలును. ఈ చీలిక దాదాపు 16, 17 వారముల గర్భమునకే ముగియును. ఆ పిమ్మట కొమ్మల చివరల పలుచని సంచులు ఏర్పడును; వానిచుట్టు సన్నని రక్తనాళములు అల్లుకొనును. చివరకు వాయుగోణులు పుట్టును. ఈ తుదిపని కాన్పుతో ఆగిపోదు. బాల్యములో చాలకాలము సాగును. దీనినుండి రెండు విషయములు తెలియుచున్నవి. కొమ్మల లోటు 17 వారములకే స్థిరపడిపోవును. దానిని కాన్పు పిమ్మట పూరించుట సాధ్యము కాదు. వాయుగోణుల లోటు మాత్రము తరువాతను కొంత తీరగలదు. అందుచేతనే తొలి దినములు దాటి బ్రదికిన శిశువునకు కాలము తోడగుచున్నది.

ఛాతీలో ప్రేగులు నొక్కుటవలననే ఇదంతయు జరిగినదా? 1967 లో అమెరికాలో డి లోరిమియర్ మొదలగువారు గర్భస్థమైన గొఱ్ఱెపిల్లల ఉదరవితానమునకు రంధ్రముచేసి చూడగా, వాని ఊపిరితిత్తులును అట్లే కుంటుపడినవి. నొక్కుడు ఒక కారణమని దీనివలన స్థిరమైనది. అయితే 2000 లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు మరియొక సంగతిని వెల్లడించినవి: ప్రేగులు పైకి రాకముందే ఊపిరితిత్తులలో కొంత లోటు మొదలగుచున్నది. అనగా ఈ వ్యాధిలో దెబ్బ ఒకటి కాదు, రెండు. మొదటిది బీజములోనిది, రెండవది నొక్కుడువలన కలుగునది. వైద్యుని చేయి అందునది రెండవదానికి మాత్రమే.

గర్భములోనికి చేయి చాచిన కాలము

గర్భస్థ శిశువును రక్షించుట యను భావము మనకు క్రొత్తది కాదు. ఉత్తర గర్భమునందలి పరీక్షిత్తును బ్రహ్మాస్త్రమునుండి శ్రీకృష్ణుడు కాపాడిన కథ భాగవతము విన్న ప్రతి యింటను తెలిసినదే. మూఢగర్భ చికిత్సకు సుశ్రుతసంహితలో ప్రత్యేక స్థానము కలదు. అయితే పురాణములోని రక్షకుడు సర్వజ్ఞుడు. ఈ చరిత్రలోనివారు మనుష్యులు; ఆశపడినవారు, పొరపడినవారు, తమ ఆశను తామే లెక్కలకు ఒప్పగించినవారు. ఈ చరిత్రయొక్క గౌరవము ఆ మూడవ గుణములో ఉన్నది.

గర్భములోనికి చేయి చాచుటకు ముందు చూపు చేరవలెను. 1958 లో గ్లాస్గో నగరమున ఇయన్ డొనాల్డ్, అతని సహచరులు ధ్వనితరంగములతో గర్భమును చూచు మార్గమును లోకమునకు తెలిపిరి. నేటి అల్ట్రాసౌండు స్కానింగునకు అది తొలిమెట్టు. 1963 లో న్యూజీలాండు దేశమున ఆక్లండు నగరపు వైద్యుడు విలియం లైలీ, రక్తము పొసగక గర్భములోనే క్షీణించుచున్న శిశువునకు తల్లి కడుపు గుండా సూదిని పంపి రక్తమెక్కించి బ్రదికించెను. పుట్టని బిడ్డయు రోగియే, దానికిని వైద్యము చేయవచ్చునని ఆ దినమున రుజువైనది.

ఉదరవితాన హెర్నియా విషయములో ముందడుగు వేసిన శస్త్రవైద్యుడు మైకేల్ హారిసన్. ఆయన కొంతకాలము నార్వే దేశమున పనిచేసెను. 1978 లో అచ్చటి మిత్రులతో కలిసి ప్రకటించిన వ్యాసములో ఒక చేదునిజమును బయటపెట్టెను. వైద్యశాలల లెక్కలలో ఈ వ్యాధివలని మరణములు తక్కువగ కనబడుటకు కారణము, వైద్యశాలకు చేరకముందే మరణించిన శిశువులు ఆ లెక్కలలోనికి రాకపోవుట. దేశములోని శిశువులనందరను లెక్కించినచో మరణముల సంఖ్య మిక్కిలి హెచ్చు. ఈ మరుగుపడిన మరణముల మాట మన దేశమునకు మరింత వర్తించును. పల్లెలో పుట్టి నీలిబారి గంటలో కన్నుమూసిన బిడ్డకు ఏ రోగమో ఎవరికి తెలిసినది? నాటికి ఆ యింటివారు దానిని విధి యనుకొనిరి; పుస్తకములలో దానికి పేరే లేదు.

హారిసన్ సాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున తన పరిశోధన సాగించెను. 1980 లో ప్రకటించిన ప్రయోగములలో గర్భస్థమైన గొఱ్ఱెపిల్ల ఛాతీలో చిన్న బెలూను నుంచి ఉబ్బించెను. పుట్టిన పిల్ల ఊపిరాడక మరణించెను. మరికొన్నింటిలో కాన్పునకు ముందే ఆ బెలూనును కుదింపగా ఊపిరితిత్తులు పెరిగి, పిల్లలు బ్రదికినవి. అనగా నొక్కుడును గర్భములోనే తొలగించినచో ఊపిరితిత్తి కోలుకొనగలదు. ఇది యొక పెద్ద ఆశ.

1981 లో హారిసన్ బృందము మనుష్య గర్భాశయమును తెరచి, మూత్రమార్గము మూసికొనిపోయిన శిశువునకు శస్త్రచికిత్స చేసెను. గర్భాశయమును తెరచి శిశువు అవయవలోపమునకు శస్త్రచికిత్స చేసి మరల లోపలనుంచి కుట్టుట అదియే మొదలు. ఉదరవితాన హెర్నియాకు చేసిన తొలి ప్రయత్నములు విఫలమైనవి. 1989 లో జరిగిన శస్త్రచికిత్స ఫలించి, బిడ్డ బ్రదికినది. 1990 లో ఆ వార్త వైద్యలోకమునకు తెలిసినది. పత్రికలు దీనిని అద్భుతమని వర్ణించినవి.

అద్భుతమును తూచిన కాలము

ఇచ్చట హారిసన్ ఆగియున్నచో చరిత్ర మరియొకరీతిగ నుండెడిది. ఒక్క బిడ్డ బ్రదికెనని చెప్పి వేయిమందికి అదే చికిత్స చేయుట లోకములో అరుదు కాదు. ఆయన అట్లు చేయలేదు. శస్త్రచికిత్స చేసిన శిశువులను, కాన్పు పిమ్మట సామాన్య చికిత్స పొందిన శిశువులను పోల్చి చూచి, 1997 లో ఫలితము ప్రకటించెను. గర్భములో రంధ్రము కుట్టుటవలన బ్రదికినవారి సంఖ్య పెరుగలేదు. కాలేయము ఛాతీలోనికి ఎక్కిన శిశువులలో దానిని క్రిందికి దించునపుడు బొడ్డుతాటినుండి వచ్చు రక్తనాళము మడతపడి శిశువు మరణించుచుండెను. కాలేయము ఎక్కని శిశువులు ఈ శస్త్రచికిత్స లేకయే బ్రదుకుచుండిరి. ఎవరికి కావలెనో వారికి పనికిరాదు, ఎవరికి పనికివచ్చునో వారికి అక్కరలేదు. తాను కనుగొన్న శస్త్రచికిత్సను తానే విడిచిపెట్టెను.

ఇంతలో మరియొక మార్గము తోచినది. గర్భస్థ శిశువు ఊపిరితిత్తులలో గాలి ఉండదు. ఒకవిధమైన ద్రవము ఊరుచుండును. అది వాయునాళము గుండా పైకి వచ్చి ఉమ్మనీటిలో కలియును. 1977 లో ఆస్ట్రేలియా పరిశోధకులు గర్భస్థమైన గొఱ్ఱెపిల్ల వాయునాళమును కట్టివేయగా ఆ ద్రవము లోపలనే నిలిచి ఊపిరితిత్తులు పెద్దవైనవి; ద్రవమును బయటికి పారించగా చిన్నవైనవి. కంఠము పుట్టుకతోనే మూసికొనిపోయిన శిశువుల ఊపిరితిత్తులు మిక్కిలి పెద్దవిగ నుండుట వైద్యులు ఎరిగినదే. ప్రకృతి చూపిన ఈ సూచనను పట్టుకొని 1990 దశకములో శిశువు వాయునాళమును తాత్కాలికముగ మూయు ఆలోచన బయలుదేరినది. ద్రవము నిలిచి, లోపలినుండి ఒత్తిడి కలిగి, ఊపిరితిత్తి తనంతట తానే పెరుగవలెనని దీని యుద్దేశము. రంధ్రమును ముట్టుట లేదు, ఊపిరితిత్తినే సాకుట.

నాడు గొఱ్ఱెపిల్ల ఛాతీలో ప్రాణము తీసిన బెలూను, ఇప్పుడు శిశువు వాయునాళములో ప్రాణము నిలుపు సాధనముగ మారినది. అయితే 2003 లో హారిసన్ బృందము ప్రకటించిన పరీక్ష ఈ ఆశను గూడ చల్లార్చినది. 24 మంది స్త్రీలు అందులో పాల్గొనిరి. గర్భములో చికిత్స పొందిన 11 మంది శిశువులలో 8 మంది, సామాన్య చికిత్స పొందిన 13 మందిలో 10 మంది బ్రదికిరి. భేదము లేదు. పైగా గర్భములో చికిత్స పొందినవారు సగటున 31 వారములైనను నిండకయే పుట్టిరి. తక్కినవారు 37 వారములకు పుట్టిరి.

భేదము లేకపోవుటకు కారణములలో ఒకటి ఆనందింపదగినది. ఈ నడుమ కాన్పు పిమ్మటి చికిత్సయే ఎంతో మెరుగుపడినది. వెనుక, పుట్టిన వెంటనే శస్త్రచికిత్సకు తరలించెడివారు; వెంటిలేటరుతో బలముగ గాలి కొట్టెడివారు. సుకుమారమైన ఊపిరితిత్తి ఆ ఒత్తిడికే చెడుచుండెను. 1980 దశకము మొదలు న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయపు వుంగ్ మొదలగువారు మెత్తగా గాలి యందించు పద్ధతిని బోధించిరి. ముందు బిడ్డను కుదుటపరచి, ఆ పిమ్మటనే రంధ్రమును కుట్టుట ఆచారమైనది. తొందరపడి కుట్టినవారికంటె ఓపికపట్టినవారే ఎక్కువమందిని బ్రదికించిరి.

ఐరోపాలో తేలిన తీర్పు

బెలూను కథ అంతటితో ముగియలేదు. బెల్జియములోని లూవెన్ నగరపు యాన్ డెప్రెస్ట్, లండనులోని కిప్రోస్ నికొలైడిస్, బార్సిలోనాలోని ఎడ్వార్డ్ గ్రటకోస్ అనువారు ఒకటిగ కూడి పద్ధతిని తేలికపరచిరి. గర్భాశయమును తెరచు పని లేదు. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పుగల గొట్టమును తల్లి కడుపు గుండా పంపి, శిశువు నోటిగుండా, స్వరతంత్రులను దాటించి, వాయునాళములో చిన్న బెలూను నుంచి ఉబ్బింతురు. 34 వ వారమున దానిని తొలగింతురు. ముందే తొలగించుటకు కారణము లేకపోలేదు. నాళము మూసియున్నంతకాలము ఊపిరితిత్తి పెరుగునుగాని, వాయుగోణులు అంటుకొనకుండ కాపాడు జిగురుపదార్థమును తయారుచేయు కణములు తగ్గును. తెరచిన పిమ్మట అవి మరల కోలుకొనును.

ఏ శిశువునకు ఈ చికిత్స కావలెనో తెలిసికొనుటకు కొలత యొకటి ఏర్పడినది. స్కానింగులో ఎదుటిప్రక్క ఊపిరితిత్తి వైశాల్యమును శిరస్సు చుట్టుకొలతతో పోల్చి, ఆ వయసు గర్భమునకు ఉండవలసినదానిలో ఎన్నవ వంతు ఉన్నదో చూతురు. నూటికి 25 లోపైనచో వ్యాధి తీవ్రము.

ఈ బృందము అనేక దేశములలో జరిపిన రెండు పరీక్షల ఫలితములు 2021 లో వెలువడినవి. ఎడమవైపు తీవ్రమైన వ్యాధిగల 80 మంది గర్భిణులలో, 27 నుండి 29 వారముల నడుమ బెలూను పెట్టినవారి శిశువులు నూటికి 40 మంది బ్రదికి యింటికి పోయిరి. పెట్టనివారి శిశువులు నూటికి 15 మంది మాత్రమే. ఇది స్పష్టమైన మేలు. మధ్యరకపు వ్యాధిగల 196 మందిలో 30 నుండి 32 వారముల నడుమ బెలూను పెట్టగా నూటికి 63, పెట్టకపోగా నూటికి 50 మంది బ్రదికిరి. ఈ భేదము యాదృచ్ఛికము కావచ్చునని గణితశాస్త్రము తీర్పు చెప్పినది.

మేలుతోపాటు మూల్యమును చెప్పవలెను. తీవ్రవ్యాధి పరీక్షలో బెలూను పెట్టినవారిలో నూటికి 75 మందికి నెలలు నిండకయే కాన్పైనది. పెట్టనివారిలో నూటికి 29 మందికే. నూటికి 47 మందికి ఉమ్మనీరు ముందే పోయినది. బెలూనును సకాలములో తీయలేకపోవుటవలన ఒక శిశువు, తీయునపుడు మావికి తగిలిన గాయమువలన మరియొక శిశువు మరణించిరి. అందుచేత ఈ చికిత్స పొందిన తల్లి, బెలూను తీయు నేర్పుగల వైద్యశాలకు సమీపముననే నివసింపవలసియున్నది. అర్ధరాత్రి నొప్పులు వచ్చినచో, బెలూను తీయువారు లేనిచోట పుట్టిన బిడ్డకు ఊపిరి దారియే మూసియుండును. అయస్కాంతశక్తితో తనంతట తెరచుకొను బెలూనును గూడ ఇటీవలి సంవత్సరములలో ఫ్రాన్సు, బెల్జియము దేశములవారు పరీక్షించిరి.

మన యిండ్లకు ఈ చరిత్ర చెప్పునది

ఇంతదూరము నడచివచ్చిన చరిత్ర ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక తెలుగు కుటుంబమునకు ఏమి చెప్పుచున్నది?

మొదటిది, చూపును గూర్చినది. అయిదవ నెలలో, 18 నుండి 20 వారములకు చేయు స్కానింగును మనవారు టిఫా స్కాన్ అని పిలుచుచున్నారు. శిశువు అవయవములన్నింటిని నిదానముగ చూచునది ఇదియే. ఈ హెర్నియా తరుచుగ బయటపడునది ఇప్పుడే. 1994 లో చేయబడి 1996 లో అమలులోనికి వచ్చి, 2003 లో సవరింపబడిన చట్టము లింగనిర్ణయమును నిషేధించినదిగాని, అవయవలోపములకై చేయు స్కానింగును నిషేధింపలేదు. కొందరు ఈ రెండింటిని కలిపి భయపడి స్కానింగును మానుకొనుట తగదు. తీవ్రలోపమున్నచో గర్భమును నిలుపుకొనుటయా మానుటయా యను నిర్ణయమునకును చట్టములో దారి కలదు. 2021 నాటి సవరణ ప్రకారము, శిశువునకు గణనీయమైన లోపమున్నదని వైద్యమండలి నిర్ణయించినపుడు 24 వారముల పరిమితి వర్తింపదు. ఆ నిర్ణయము దంపతులది. చుట్టుప్రక్కలవారి మాటలు దానిని నడిపింపరాదు.

రెండవది, నిందను గూర్చినది. గ్రహణము నాడు గర్భిణి కదలినందున బిడ్డకు మొఱ్ఱి కలిగినదని మన పల్లెలలో చెప్పుకొనుట కలదు. ఈ హెర్నియా విషయములోను, బరువులెత్తినందుననో, ప్రయాణము చేసినందుననో, ఉద్యోగము మాననందుననో కలిగినదని కోడలిమీద నెపము మోపు పెద్దలు ఉండవచ్చును. ఉదరవితానము మూసికొనవలసిన కాలము రెండవ నెల. ఆ సరికి ఎందరు స్త్రీలకో తాము గర్భవతులమని తెలిసి దినములే గడచియుండును. తల్లి నడకవలనను, పనివలనను ఈ రంధ్రము కలుగదు. మూడువందల యేండ్ల పరిశోధనలో ఏ వైద్యుడును తల్లిని దోషిగ నిలుపలేదు. మనమును నిలుపరాదు.

మూడవది, ఊరిని గూర్చినది. ఇదియే మన సంఘమునకు ముఖ్యము. తొలిపురుడు పుట్టింట జరుగుట మన ప్రాచీనాచారము. తల్లి చేతి పథ్యము, తల్లి ప్రక్కన నిద్ర, బాలింతకు వీనిని మించిన ఔషధము లేదు. ఈ ఆచారమును తూలనాడుట ఈ వ్యాసకర్త యుద్దేశము కాదు. కాని ఈ వ్యాధి యున్నదని తెలిసినపుడు, నవజాత శిశువులకు శస్త్రచికిత్స చేయు నేర్పును, వెంటిలేటరును, అనుభవజ్ఞులైన దాదులును ఉన్న పెద్ద వైద్యశాలలోనే పురుడు జరుగవలెను. పుట్టిన పిమ్మట బిడ్డను తరలించుటకంటె, పుట్టకముందు తల్లిని తరలించుట మేలు. గర్భాశయముకంటె సురక్షితమైన వాహనమును మానవుడు ఇంతవరకు నిర్మింపలేదు. అమ్మాయి పుట్టింటికి పోవుటకు బదులు, ఈ యొక్క పురుటికి అమ్మమ్మయే అమ్మాయి యింటికి రావచ్చును. ఆచారములోని ప్రేమ అట్లే నిలుచును. స్థలము మాత్రము మారును.

మనకు దగ్గరలో సౌకర్యములు లేకపోలేదు. ఎలక్ట్రానిక్ సిటీకి అనతిదూరమున, హోసూరు మార్గమునగల బొమ్మసంద్రలో డాక్టరు దేవీప్రసాద్ శెట్టి గారు 2000 లో స్థాపించిన నారాయణ హృదయాలయము శిశువుల గుండె శస్త్రచికిత్సలకు పేరెన్నికగన్నది. నగరము నడిబొడ్డున 1935 లో వెలసిన వాణీవిలాస ఆసుపత్రి తల్లులకును శిశువులకును నేటికిని సేవ చేయుచున్నది. తెలుగునాట, హైదరాబాదులో 1948 లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రియు, 1953 లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రియు ప్రసిద్ధములు. గర్భస్థ శిశువైద్యమున ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యులు ఇప్పుడు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై నగరములలో కలరు. 2010 లో తెరచిన ఎత్తు వంతెనయు, 2025 ఆగస్టులో మొదలైన పసుపు మార్గపు మెట్రోరైలును ఈ ప్రాంతమును నగరమునకు మరింత చేరువ చేసినవి. కావలసినది ముందుచూపు. ఏ వైద్యశాలలో ఏ చికిత్స గలదో, ఈ వ్యాధిగల ఎందరు శిశువులను అచ్చట చూచిరో, వారిలో ఎందరు బ్రదికి యింటికి పోయిరో ఆరవ నెలలోనే అడిగి తెలిసికొనవలెను. అట్లు అడుగుట వైద్యుని అవమానించుట కాదు. హారిసన్ తన్ను తాను అడిగికొన్న ప్రశ్నయే అది.

నాలుగవది, ఆశను గూర్చినది. గర్భములో శస్త్రచికిత్స యనగానే సర్వము నయమగునని కొందరును, కడుపులోని బిడ్డను కత్తికి అప్పగించుట యని మరికొందరును తలంతురు. రెండును సరికాదు. మధ్యరకపు వ్యాధికి బెలూను వలన నిశ్చయమైన లాభము రుజువు కాలేదు. మంచి వైద్యశాలలో పురుడు, ఓపికతో కూడిన చికిత్స, కుదుటపడిన పిమ్మట శస్త్రచికిత్స, ఇవియే ప్రధానము. తీవ్రవ్యాధికి బెలూను ఒక అవకాశము నిచ్చుచున్నది. ఆ అవకాశము నూటికి నూరు కాదు. దానికి నెలలు నిండని కాన్పు అను మూల్యము కలదు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పు వైద్యుడే మంచి వైద్యుడు. ఒక్క సంఖ్యనే చెప్పువానిని రెండవది అడుగవలెను.

ఈ కృషి ఫలము ఇతర వ్యాధులకును విస్తరించినది. వెన్నెముక మూసికొనక పుట్టు శిశువులకు గర్భములోనే చేయు శస్త్రచికిత్స మేలని 2011 లో అమెరికాలో జరిగిన పరీక్షలో రుజువైనది. ఆ దారి వేసినదియు సాన్ ఫ్రాన్సిస్కోలో విఫలమైన తొలి ప్రయత్నములే. విఫలమైన పనిని దాచిపెట్టక లెక్కవ్రాసి యుంచినవారికి తరువాతి తరము ఋణపడియున్నది. రాజుల విజయములను శాసనములపై చెక్కిన లోకమున, తమ అపజయములను తామే ప్రకటించిన ఈ వైద్యుల చరిత్ర మన పిల్లలు చదువదగినది.

రివియేర్ చూచినది రంధ్రమును; రీడ్ చూచినది ఊపిరితిత్తిని; హారిసన్, డెప్రెస్ట్ మొదలగువారు చూచినది ఆ ఊపిరితిత్తి ఇంకను పెరుగగల కాలమును. మన కుటుంబములు చూడవలసినది, ఆ కాలము చేజారకముందే తెలిసికొని, బిడ్డ పుట్టవలసిన చోటును నిశ్చయించుకొనుట. ఈ ప్రాంతపు తెలుగు సంఘములు సీమంతములకు చీరె పెట్టినట్లే, అయిదవ నెల స్కానింగు కాగితములను జాగ్రత్తగా దాచి, కాన్పు జరుగు వైద్యశాలకు చేర్చుడని ఒక మాట చెప్పినను చాలును. ఎక్కడనో ఒక యింట ఆ మాట ఒక తొలియేడుపుగా వినబడగలదు.